అమ్మ గురించి నిజం రాస్తే అమ్మను తక్కువ చేసినట్టా?

ఈ ఉత్తరం రాసినావిడకు 43 ఏళ్లు. ముగ్గురు పిల్లల్లో పెద్దావిడ, పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

వాళ్లమ్మగారు ఎనిమిది నెలల క్రితం, 71 ఏళ్ల వయసులో, కొద్దిరోజుల జబ్బుతో పోయారు. నాన్నగారికి ఎప్పుడూ బదిలీలయ్యే ఉద్యోగం కావడంతో ముగ్గురినీ దాదాపు ఆవిడ ఒక్కరే పెంచారు. పెద్దకూతురికి బాబు పుడితే వచ్చి ఆరేళ్లు వాడిని చూసుకున్నారు. తర్వాత, మరదలు మళ్లీ ఉద్యోగంలో చేరడంతో, కొడుకింటికి వెళ్లి చివరిదాకా ఏడేళ్లు అక్కడి పిల్లలిద్దరితో ఉన్నారు. ఇప్పుడు నాన్నగారు కూడా ఆ ఇంట్లోనే ఉంటున్నారు.

ఏడాది పూర్తయ్యే రోజున అందరూ కలవాలని, అమ్మ మీద ఒక చిన్న పుస్తకం వేయించాలని తమ్ముడి ఆలోచన. "అక్కా, నువ్వే బాగా రాస్తావు" అని ముఖ్యమైన వ్యాసం ఈవిడకే అప్పగించి, ఎలా ఉండాలో చెప్పడానికి తను ఒక పేజీ రాసి పంపాడు. అందులో "తనకోసం ఎప్పుడూ ఏమీ కోరుకోలేదు, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు" అని ఉంది. ఈవిడకు అక్కడే చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే అమ్మ విసుక్కునేది, బాగానే విసుక్కునేది. మూడేళ్ల క్రితం కూతురింటికి వచ్చినప్పుడు, ఒక రాత్రి ఇద్దరే ఉండగా "పిల్లల్ని చూసుకోవడం నాకిష్టమేనే, కానీ వస్తావా అని నన్నెవరూ అడగలేదు, వస్తాననుకున్నారు అంతే" అంది. పెళ్లితో డిగ్రీ మధ్యలో ఆగిపోయిన అమ్మకు లెక్కలంటే ప్రాణం. అప్పుడే మనవడి పాత లెక్కల పుస్తకం అడిగి మరీ తీసుకెళ్లింది. పోయాక ఆవిడ బట్టల మధ్య ఒక నోట్‌బుక్ దొరికింది. ఆ పుస్తకంలోని లెక్కలన్నీ వరసగా చేసి ఉన్నాయి, కొన్ని కొట్టేసి మళ్లీ చేసి ఉన్నాయి.

ఇవన్నీ రాస్తానంటే చెల్లెలు "పోయిన మనిషి గురించి ఇప్పుడివన్నీ ఎందుకక్కా, ఎనిమిది నెలలైంది, ఇంకా ఎన్నాళ్లు తవ్వుకుంటావు" అంటోంది. 13 ఏళ్ల కొడుకు అమ్మమ్మ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. అమ్మ గొంతు మరచిపోతున్నానేమో అని ఈవిడకు టెన్షన్. చివరికి అడిగింది ఇది: "నిజం రాస్తే అమ్మను తక్కువ చేసినట్టా? రాయకపోతే అబద్ధం చెప్పినట్టా? అసలు నేను మా అమ్మను వాడుకున్నానా?"

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పుస్తకం ఎలా రాయాలన్న ప్రశ్నలో మీ అపరాధభావం, మీ అబ్బాయి మౌనం కూడా కలిసిపోయి ఉన్నాయి. వీటిని విడదీసి చూడకపోతే వ్యాసం ముందుకు నడవదు, ఎందుకంటే ఒక్క వ్యాసంతో మీరు అమ్మకు క్షమాపణ చెప్పాలనుకుంటున్నారు, తమ్ముడిని సరిదిద్దాలనుకుంటున్నారు, కొడుకుతో మాట్లాడించాలనుకుంటున్నారు. ఏ వ్యాసమూ అంత పని చెయ్యలేదు.

ముందు మీ తమ్ముడు పంపిన పేజీ సంగతి. మీరు అందులో ఉన్న అబద్ధం గురించి బాధపడుతున్నారు. నాకు మాత్రం అందులో లేనివి ఎక్కువ కనిపిస్తున్నాయి. మీరు పంపిన కాపీ చదివాను, అందులో అమ్మ చేసిన పనులన్నీ ఉన్నాయి, ఎన్నింటికి లేచింది, ఎవరి జ్వరానికి ఎన్ని రాత్రులు మేలుకుంది, ఎవరి పరీక్షలకు ఎలా తోడుంది, అన్నీ. కానీ ఆవిడకు ఏది చూస్తే నవ్వొచ్చేదో, ఎవరంటే పడేది కాదో, ఏ విషయంలో మొండికేసేదో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ పేజీలో పేరు మార్చి వేరే ఎవరి అమ్మ పేరు పెట్టినా సరిపోతుంది. మీరు ఏది రాసినా ఈ పరీక్ష పెట్టి చూడండి. ఇంకో అమ్మకు సరిపోయే వాక్యం మీ అమ్మ గురించి కాదు. "త్యాగమూర్తి" అని ఎన్నిసార్లు రాసినా ఆవిడ కనిపించదు. చేసిన లెక్క కొట్టేసి మళ్లీ చేసిన మనిషి అంటే వెంటనే కనిపిస్తుంది.

అయితే తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి. చివరి ఏడేళ్లు అమ్మ ఉన్నది అతని ఇంట్లో. జబ్బు చేసిన ఆ కొద్దిరోజులూ దగ్గరుండి చూసింది అతనే అని మీరే రాశారు. "ఒక్కరోజు కూడా విసుక్కోలేదు" అని రాసే కొడుక్కి, అమ్మ తన ఇంట్లో సంతోషంగా ఉందని నమ్మడం చాలా అవసరం అయి ఉండొచ్చు. మీరు నిజం అనుకుంటూ చెప్పేది అతనికి "నీ ఇంట్లో అమ్మ కష్టపడింది" అని వినిపిస్తుంది. ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నా అలాగే వినిపిస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

తమ్ముడు కోరినట్టే రాసివ్వొచ్చు. మీకు తెలిసినదంతా ఒక నోట్‌బుక్‌లో విడిగా రాసి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఇది పిరికితనం కాదు. నాన్నగారు ఉన్నారు, ఇంటి వాతావరణం ఇంకా పచ్చిగా ఉంది, గొడవ వద్దనుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఆ పుస్తకం అందరి చేతుల్లో ఉన్నంతకాలం మీరు దాన్ని తెరవడానికి ఇష్టపడరు, మీ ఉత్తరం చదివాక ఆ మాట ధైర్యంగా చెప్పగలను. రెండోది నాకు ఇంకా పెద్దదిగా అనిపిస్తోంది. మీ తమ్ముడికి తొమ్మిదేళ్ల కూతురుంది. నానమ్మ అంటే ఏమీ కోరుకోని, ఎప్పుడూ అలసిపోని మనిషి అని ఆ పిల్ల చదువుకుంటుంది. రేపు తనకేదైనా కావాలనిపించినప్పుడు, విసుగొచ్చినప్పుడు, తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. లెక్కలంటే ప్రాణమున్న నానమ్మ ఆ పిల్లకు చాలా పనికొస్తుంది. ఆ నానమ్మను దాచేయడం ఆ పిల్లకు నష్టం.

రెండో దారి, అన్నీ రాసేయడం, ఆ రాత్రి మాటతో సహా. దీని విషయంలో మాత్రం ఆగమంటాను. ఆ మాట అమ్మ అందరి ముందూ అనలేదు. ముగ్గురు పిల్లల్లో మిమ్మల్ని ఎంచుకుని, ఇంకెవరూ లేనప్పుడు అంది. తర్వాత రెండేళ్లకు పైగా బతికి ఉండి కూడా తమ్ముడితో అనలేదు, నాన్నగారితో అన్నట్టు మీకు తెలియదు. అచ్చులో పడితే ఆ మాట ఆవిడ మాటలా ఉండదు, మీ ఫిర్యాదులా ఉంటుంది. జవాబు చెప్పుకోవాల్సింది మరదలు, నాన్నగారు. అమ్మ బతికి ఉంటే ఆ పేజీ అందరి ముందూ చదవనిచ్చేదా? ఈ ప్రశ్నకు జవాబు మీకే తెలుసు, నాకు తెలియదు. చదవనిచ్చేది అనిపిస్తే రాయండి. లేదనిపిస్తే అది పుస్తకంలో పెట్టాల్సిన మాట కాదు, కానీ పాతిపెట్టాల్సిన మాట కూడా కాదు. తమ్ముడు, చెల్లెలు, మీరు ముగ్గురే కూర్చున్న ఒక పూట చెప్పండి. కాగితం మీద చదివితే రాయిలా తగిలే మాట ఎదురుగా కూర్చున్న మనిషి నోటి నుంచి వింటే వేరుగా ఉంటుంది, పైగా వాళ్ల దగ్గర కూడా అమ్మ చెప్పుకున్న మాటలు ఏవో ఉండే ఉంటాయి.

మూడోది, నా మనసు మొగ్గేది. ఆరోపణ లేకుండా అమ్మను పూర్తి మనిషిగా రాయడం. నోట్‌బుక్ గురించి రాయండి, ఆగిపోయిన డిగ్రీ గురించి రాయండి. చిన్నప్పుడు మీ ముగ్గురి అల్లరికి విసిగిపోయి గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేదని, పది నిమిషాల తర్వాత ఏమీ జరగనట్టు బయటికొచ్చేదని రాశారు కదా, అది తప్పకుండా రాయండి. మీ తమ్ముడికి కూడా ఆ తలుపు గుర్తుంటుంది, చదివి నవ్వుతాడనే అనుకుంటున్నాను. అలసటను ఇలా మీ ముగ్గురి బాల్యంలోంచి రాస్తే వేలు ఎవరి వైపూ చూపించినట్టు ఉండదు. ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒక్కో సంగతి అడగండి, కానీ "అమ్మ నీకేం చేసింది" అని అడగొద్దు, అలా అడిగితే మళ్లీ సేవల జాబితానే వస్తుంది. "ఎవరికోసమూ కాకుండా అమ్మ తనకోసం చేసుకుంటుండగా నువ్వు చూసిన పని ఒకటి చెప్పు" అని అడగండి. కొందరికి వెంటనే ఏమీ తోచదు. ఆలోచించుకోనివ్వండి. దీనికి టైమ్ పడుతుంది, తమ్ముడు కొన్ని వాక్యాలు తీసేయమనొచ్చు, మీరు కొన్నింటికి ఒప్పుకోవాల్సి రావొచ్చు. అందుకే రాయడం మొదలుపెట్టకముందే అతనితో మాట్లాడండి. పూర్తి చేసి చేతిలో పెడితే అతనికి ఒప్పుకోవడమో కాదనడమో రెండే మిగులుతాయి.

ఇంకొకటి కూడా ఉంది. ముఖ్యమైన వ్యాసం నేను రాయలేను, చెల్లెలు రాస్తుంది, నేను ఆ రోజు రెండు మాటలు మాట్లాడతాను అనొచ్చు. బాగా రాయగలరు కాబట్టి రాసి తీరాలని లేదు. అడక్కుండానే మీ మీద పని పెట్టేయడం మీ ఇంట్లో ఇది మొదటిసారి కాదు కదా.

ఇక "వాడుకున్నానా" అన్న ప్రశ్న. ఊరడించి వదిలేస్తే మీకు ఉపయోగం లేదు, అందుకని నాకు తోచింది చెబుతాను. వస్తావా అని అడగలేదు, అది నిజం. అడిగి ఉండాల్సింది. మీరు ఒక్కరే కాదు, మీ ఆయన, నాన్నగారు, తమ్ముడు, ఎవరూ అడగలేదు. కానీ ఆ రాత్రి అమ్మ అన్న మాటలో రెండు భాగాలున్నాయి, మీరు రెండో భాగాన్ని మాత్రమే మోస్తున్నారు. "నాకిష్టమేనే" అని కూడా ఆవిడే అంది. మనవడంటే ప్రేమ ఉండటం, అడగలేదని నొప్పి ఉండటం, రెండూ ఒకే మనిషిలో ఒకే రోజు ఉంటాయి. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అయిపోదు.

ఇది మీ ఇంటి వింత కూడా కాదు. 2014లో ఆస్ట్రేలియాలో 57 నుంచి 68 ఏళ్ల మధ్య ఉన్న 186 మంది మహిళల మీద ఒక అధ్యయనం అచ్చయింది. వారానికి ఒకరోజు మనవలను చూసుకునేవాళ్లు జ్ఞాపకశక్తి లాంటి పరీక్షల్లో బాగా చేశారు. వారానికి ఐదురోజులు, అంతకంటే ఎక్కువ చూసుకునేవాళ్లు ఒక పరీక్షలో వెనకబడ్డారు. పిల్లలతో ఎక్కువ సమయం గడిపినవాళ్లు, మా పిల్లలు మా నుంచి మరీ ఎక్కువ ఆశిస్తున్నారని కూడా చెప్పారు. చిన్న అధ్యయనం, దీన్నిబట్టి మీ అమ్మగారి ఆరోగ్యం గురించి ఏ నిర్ధారణకూ రావొద్దు, దయచేసి ఆ దిక్కుకు ఆలోచన పోనివ్వకండి. మనవల మీద ఇష్టం, పిల్లల మీద కాస్త కినుక కలిసి ఉండటం ఎంత మామూలో చెప్పడానికే రాశాను.

అమ్మను ఇప్పుడు అడగలేరు. కానీ మీ ఇంట్లో ఈరోజు కూడా అడగకుండా జరిగిపోతున్నదేదో చూడొచ్చు. నాన్నగారు తమ్ముడింట్లో ఉంటున్నారని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆయనను చూసుకుంటున్నది ఎవరు? మరదలే అయితే, నీకు వీలవుతుందా అని ఎవరైనా అడిగారా? అమ్మ అన్న మాటను మీరు నిజంగా విన్నారని చూపించడానికి వ్యాసం కంటే ఇది మంచి చోటు. నెలలో కొన్నిరోజులు నాన్నగారు మీ దగ్గర ఉండొచ్చేమో చూడండి. అది కూడా ఆయన్ని అడిగాకే.

మీ అబ్బాయి విషయానికి వస్తే, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అమ్మ గురించి కాదు. "అమ్మ తమ్ముడింటికి వెళ్లిన కొత్తలో వీడు నెలరోజులు రోజూ ఏడ్చాడు" అని మధ్యలో ఎక్కడో రాశారు. పుట్టినప్పటి నుంచి పెంచిన మనిషి, ఆరేళ్లప్పుడు వేరే పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. పెద్దవాళ్లకు అది సర్దుబాటు, వాడికి అది అప్పట్లో పోగొట్టుకోవడమే. ఇప్పుడు రెండోసారి పోగొట్టుకున్నాడు. మొదటిసారి గురించి ఇప్పటిదాకా వాడితో ఎవరైనా మాట్లాడారా? వాడు లేచి వెళ్లిపోవడంలో దుఃఖంతో పాటు పాత అలక కూడా ఉందేమో. ఉందని నేను చెప్పలేను, కానీ అడిగి చూడదగ్గది. కూర్చోబెట్టి అడక్కండి, 13 ఏళ్లవాళ్లకు ఎదురుగా కూర్చుని మాట్లాడటం కష్టం. ఎక్కడికైనా నడిచి వెళ్తున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో, "అమ్మమ్మ మామయ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు నీకు చాలా కష్టమైంది కదా, అప్పుడు నీకు సరిగ్గా చెప్పలేదు మేము" అని మీరు అని ఊరుకోండి. జవాబు రాకపోయినా పర్వాలేదు. నోట్‌బుక్ వాడి పుస్తకంలోంచి చేసిన లెక్కలే కదా, వాడికి చూపించండి. కావాలంటే చూస్తాడు, లేదంటే లేదు. పుస్తకంలో నువ్వూ ఏదైనా రాయాలి అని మాత్రం బలవంతపెట్టకండి.

చెల్లెలు "ఎనిమిది నెలలైంది" అన్నదాని గురించి. దుఃఖానికి ఐదు దశలుంటాయని, ఒకటొకటి దాటుకుని బయటికి రావాలని చాలామంది అనుకుంటారు. 1969లో ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ ఐదింటినీ చెప్పింది తమ చావును ఎదురుగా చూస్తున్న రోగులతో మాట్లాడి. మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు టైమ్‌టేబుల్‌గా కాదు. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు, పోయినవాళ్లతో బంధం తెంచుకోవాల్సిన పనిలేదని, అది వేరే రూపంలో కొనసాగడం మామూలేనని వాదించారు. మీరు చేస్తున్నది అదే అనిపిస్తుంది నాకు. ఆఫీసుకు వెళ్తున్నారు, నిద్ర పడుతోంది, నోట్‌బుక్ చూస్తే ఏడుపొస్తోంది అని రాశారు. ఇది జబ్బు కాదు. దాదాపు ప్రతిరోజూ, రోజంతా అదే తలపు, ఏ పనీ చెయ్యలేకపోవడం, బతకడంలో అర్థం లేదనిపించడం ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఆ స్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో విడిగా పేరుంది, ఆరు నెలలు దాటాక కూడా అలాగే ఉంటే దాన్ని పరిశీలిస్తారు. అలాగే, తవ్వుకోవద్దు అంటున్న చెల్లెలికి దుఃఖం లేదనుకోకండి. కొందరికి మాట్లాడితే తేలికవుతుంది, కొందరికి పనిలో పడితే తేలికవుతుంది, ఇద్దరిదీ దుఃఖమే.

గొంతు సంగతి మాత్రం వాయిదా వేయొద్దు. పుస్తకానికి ఇంకా నాలుగు నెలలుంది, దీనికి లేదు. మీ ఫోన్‌లో, చెల్లెలి ఫోన్‌లో, మరదలి ఫోన్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి. వాట్సాప్‌లో వాడకుండా వదిలేసిన అకౌంట్ మామూలుగా 120 రోజులకు తొలగిపోతుంది, కాబట్టి అమ్మ ఫోన్‌లోది ఈపాటికే పోయి ఉండొచ్చు. అయినా మీ ఫోన్లలోకి వచ్చినవి మీ దగ్గరే ఉంటాయి, ఫోన్ పోయేదాకా, మార్చేదాకా. ఒక్కొక్కటీ బయటికి తీసి, తేదీతో పేరు పెట్టి, కనీసం మూడు చోట్ల దాచండి, ఒకటి మీ ఇంట్లో కాకుండా చెల్లెలి దగ్గరో తమ్ముడి దగ్గరో ఉండాలి. అమ్మకు గూగుల్ అకౌంట్ ఉంటే, రెండేళ్లు ఎవరూ తెరవనిదాన్ని ఆ కంపెనీ తొలగించవచ్చు, అందులో ఫొటోలున్నాయేమో చూడండి. పెళ్లిళ్లు, పుట్టినరోజుల వీడియోలు వెతకండి, వాటిల్లో ఆవిడ కెమెరా ముందు ఉండకపోవచ్చు, కానీ వెనక నుంచి ఎవరినో పిలుస్తూ, కసురుతూ ఆ గొంతు వినిపిస్తుంది. నోట్‌బుక్‌ను లామినేషన్ చేయించకండి, చిరిగిన పేజీలకు టేపు అంటించకండి. ప్రతి పేజీనీ స్కాన్ చేయించి, అసలుదాన్ని తడి తగలని చోట ఉంచండి.

తమ్ముడితో మాట మొదలుపెట్టేటప్పుడు అతని పేజీలో తప్పులు ఎత్తి చూపకండి. "ఇందులో అమ్మ మనకు చేసిందంతా ఉంది, అమ్మ ఎలాంటి మనిషో కూడా ఉండాలనిపిస్తోంది, నీకు గుర్తున్నవి చెప్పు, నేను రాస్తాను" అనండి. అతను ఆ రోజు ఏమీ చెప్పకపోతే వారం ఆగి మళ్లీ అడగండి.

అతనికంటే ముందు మరదలికి ఫోన్ చెయ్యండి. పుస్తకం కోసం మీ ముగ్గురూ ఏమేం రాయాలో మీ ఉత్తరంలో ఉంది, ఆమె పేరు ఎక్కడా లేదు. పిల్లలు, ఉద్యోగం, ఇల్లు అన్నీ నడుస్తుండగా ఏడేళ్లు మీ అమ్మతో ఒకే కప్పు కింద ఉన్న మనిషి. వాళ్లిద్దరికీ పడని రోజులు కూడా ఉండే ఉంటాయి, అవి కూడా అమ్మ జీవితంలోవే. ఏదైనా రాస్తావా అని అడగండి, రాయడం ఇష్టం లేకపోతే నాకు చెప్పు చాలు అనండి, అసలు ఏమీ చెప్పాలని లేకపోయినా ఫర్వాలేదని కూడా చెప్పండి.